సరుకుల లిఫ్టు

మొదటి మెట్టు మీద కుడికాలు మోపి, ఎడమకాలిని తుంటి నుంచి పక్కగా విసిరి పైకి తెచ్చుకుని, "మొత్తం ఎన్నున్నాయే?" అంది పిన్ని.

"యాభై రెండు," అంది పిచ్చుక.

ఆ అంకె ఆమెకు కంఠతా వచ్చు. డిజైను కాలేజీలో చేరిన మొదటి నెలలోనే క్లాసంతా ఈ మ్యూజియం చూడ్డానికి వచ్చింది. ఈ మెట్ల వరస మీద పిచ్చుక మూడు పేజీల వ్యాసం రాసి, కింద పెన్సిలుతో బొమ్మ వేస్తే, మాస్టారు మెచ్చుకుని గోడకు పెట్టించారు. 'ఏ కమ్మీ అడ్డు రాకుండా ఆకాశం దాకా సాగిపోయే గీత' అని అందులో ఒక వాక్యం. ఇప్పుడు పిన్ని పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని అటూ ఇటూ వెతుకుతుంటే, ఆ వాక్యం గుర్తొచ్చి పిచ్చుకకు చెవులు వేడెక్కాయి.

పిచ్చుకన్నది ఇంట్లోవాళ్ళు పెట్టిన ముద్దుపేరు. ఒకచోట నిలవదనీ, ఎదుటివాళ్ళ మాట పూర్తికాకముందే గెంతుతుందనీ. ఈ పరాయి దేశంలో ఆమెను ఆ పేరుతో పిలిచేది పిన్ని ఒక్కతే. పిన్ని ఇక్కడి పెద్దాసుపత్రి బట్టల గదిలో పనిచేస్తుంది. చిరిగిన దుప్పట్లూ, డాక్టర్ల కోట్లూ, రోగుల గౌన్లూ కుడుతుంది. తొమ్మిదేళ్ళుగా ఉంటున్న ఊళ్ళో ఆసుపత్రి, తన గది, కూరగాయల కొట్టు తప్ప మరో చోటు ఎరగదు. ఆర్నెల్లుగా పిచ్చుక వెంటపడగా వెంటపడగా, ఈ సెలవు రోజున ఇస్త్రీ బట్టలు వేసుకుని, చచ్చుబడ్డ ఎడమకాలికి తొడుక్కునే ఇనుప కాలిపరు బూటుకు పాలిషు కూడా పెట్టుకుని బయల్దేరింది.

"పోనీ, వేరే చోటికి వెళ్దామా పిన్నీ?"

"గంటన్నర బస్సులో కూర్చున్నది మెట్లు చూసి వెనక్కి పోవడానికా? లోపల నిలువెత్తు బొమ్మలున్నాయని ఊరించావుగా. పద, నీ భుజం ఇలా తే."

పిన్ని పక్కకు తిరిగి ఎక్కడం మొదలుపెట్టింది. కుడికాలు, పిచ్చుక భుజం మీద ఒక బరువు, విసురు, ఇనుము రాతికి తగిలిన టక్కుమనే చప్పుడు. మళ్ళీ కుడికాలు. మెట్ల మీద కూర్చుని కాఫీలు తాగుతున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. ఇద్దరు ముగ్గురు చూడనట్టు చూశారు. పదకొండో మెట్టు దగ్గర పైనుంచి ఈల వినిపించింది. చేతులకు తెల్లని తొడుగులు వేసుకున్న గార్డు ఒకడు చకచకా దిగి వచ్చాడు.

"ఇలాంటివాళ్ళకు దారి వెనకవైపు ఉంది," అన్నాడు పిచ్చుకతో, అక్కడి భాషలో. పిన్ని వైపు చూడనైనా చూడలేదు. "ఈవిడ పడితే ఎవరిది బాధ్యత?"

"పదకొండు ఎక్కేశాం కదా!"

"అందుకే చెబుతున్నా. ఇంకా నలభై ఒకటి ఉన్నాయి. దింపెయ్యండి."

దింపెయ్యండి. మూటనో, కుర్చీనో దింపమన్నట్టు. పిచ్చుక నోరు తెరిచేలోపు పిన్ని ఆమె చెయ్యి నొక్కింది. "వెనక దారుందంటున్నాడు కదే, ముందే అడగాల్సింది. పద."

ఎక్కడానికి పట్టినదానికి రెండింతలు పట్టింది దిగడానికి. ఆ తర్వాత భవనం చుట్టూ నడక. గోడ వెంబడి ఎక్కడా నీడ లేదు, కూర్చోవడానికి అరుగు లేదు. మలుపు తిరిగేసరికి చెత్తడబ్బాల వరస, తడిసిన అట్టపెట్టెల కంపు, ఒక ఇనుప గేటు, పక్కన గంట. పిచ్చుక నొక్కింది. మళ్ళీ నొక్కింది. మూడోసారి వేలు తీయకుండా నొక్కి పట్టింది.

తలుపు తీసినవాడు ముసలి గార్డు. సగం తిన్న రొట్టె చేతిలో ఉంది. విషయం విని, తల ఊపి, రొట్టెను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని లోపలికి రమ్మన్నాడు. లోపల సరుకులు దించే చోటు. మేకులు కొట్టిన చెక్కపెట్టెలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. ఆ చివర పెద్ద లిఫ్టు. గోడలకు గీతలు పడకుండా లోపలంతా మందపాటి రబ్బరు అతికించారు. లిఫ్టు పక్కన మేకుకు వేలాడుతున్న ఒక రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్ను.

ముసలి గార్డు రిజిస్టరు తెరిచాడు. పిచ్చుక అతని భుజం మీదుగా చూసింది. తేదీ. వస్తువు. బరువు. పంపినవారు. ఏ అంతస్తుకు. పై వరసలో 'కుర్చీలు, పన్నెండు' అని ఉంది. దాని కింద 'బంగాళాదుంపలు, క్యాంటీను'. దాని కింద అతను నిదానంగా, గుండ్రటి అక్షరాలతో, 'మనిషి, ఒకటి' అని రాశాడు. తర్వాతి గడి దగ్గర పెన్ను ఆగింది. తలెత్తి పిన్నిని చూశాడు.

"మీ బరువెంతమ్మా?"

పిన్ని నవ్వింది. రోగులతోనూ ఆయాలతోనూ మాట్లాడి నేర్చుకున్న భాషలో, "ఇనుముతో కలిపా, ఇనుము తీసేసా?" అని అడిగింది.

ముసలాయన ముఖంలో కూడా నవ్వు కదలబోయింది. అది పూర్తిగా విచ్చుకునేలోపు పిచ్చుకకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం రాస్తున్నావు? మనిషిని ఏ గడిలో రాస్తున్నావు? బంగాళాదుంపల కిందనా?"

"ఈ లిఫ్టు ఎక్కేది ఏదైనా ఇందులో రాయాలండీ. రూలు."

"ఏదైనానా! ఎవరైనా అనడం కూడా రాదా నీకు? నీ పైవాణ్ణి పిలువు. ఇప్పుడే పిలువు."

"పిచ్చుకా, పోనివ్వవే," అంది పిన్ని.

"నువ్వుండు పిన్నీ! ఇది నీకు తెలీదు."

ఆ తర్వాత అరగంట. పిచ్చుక గొంతు ఆ చెక్కపెట్టెల మధ్య ఖంగుమంది. క్యాంటీనులో గిన్నెలు తోమేవాళ్ళు తువ్వాళ్ళతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. మెడలో బిళ్ళ వేలాడేసుకున్న ఒక అధికారిణి వచ్చింది, క్షమించమంది, ఫిర్యాదు కాగితం ఇచ్చింది. పిచ్చుక ఆ కాగితాన్ని ఆవిడ ఎదుటే రెండు ముక్కలు చేసింది. ఫోను తీసి రిజిస్టరును ఫొటో తీసింది. లిఫ్టును తీసింది. నాలుగడుగులు వెనక్కి వేసి, పెట్టెలకు చేరగిలబడ్డ పిన్ని, పక్కన లిఫ్టు, కింద చిందిన కూరగాయల తొక్కలు, అన్నీ ఒకే చట్రంలో వచ్చేలా ఒకటి తీసింది. ఎంత కోపంలో ఉన్నా చట్రం సరిచూసుకోవడం చేతికి అలవాటైపోయింది.

"ఇంటికి పోదామే," అంది పిన్ని. ఈసారి గొంతులో నవ్వు లేదు.

బస్సులో పిచ్చుక ఆ ఫొటోను క్లాసువాళ్ళకు పంపింది, మాస్టారికి పంపింది. వచ్చే జవాబులు చదువుతూ కూర్చుంది. గదికి చేరాక పిన్ని మంచం అంచున కూర్చుని కాలిపరు పట్టీలు ఒక్కొక్కటే విప్పింది. మోకాలి కింద తోలు నొక్కుకున్న చోట చర్మం కమిలి ఎర్రటి కట్టు వేసినట్టుంది. దాని మీద తడిగుడ్డ వేసుకుంటూ, ఎవరితోనో అన్నట్టు, "బొమ్మలు చూద్దామని వచ్చాను," అంది.

"చూడు పిన్నీ, అప్పుడే నలభై మంది జవాబిచ్చారు," అంది పిచ్చుక.

మర్నాడు పొద్దున్నే మాస్టారు స్టూడియోలో ఆమె బల్ల దగ్గరికి వచ్చారు. సన్నగా, పొడవుగా ఉంటారు. ఎప్పుడూ నల్ల చొక్కాయే. ఎవరినైనా మెచ్చుకోవాలంటే కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుంటారు. ఇప్పుడూ తీశారు.

"నువ్వు వేస్తున్న ఆ పార్కు బెంచీ పక్కన పడెయ్. అది ఎవరైనా వేస్తారు. నీ ప్రాజెక్టు ఇది. ఈ ఫొటో."

"ఫొటో ప్రాజెక్టు ఎలా అవుతుంది మాస్టారూ?"

"ఆ మెట్లకు ఒక ర్యాంపు వెయ్యి. మోడల్ చెయ్యి. కానీ గోడంతా ఈ ఫొటో ఉండాలి, నిలువెత్తు. గురువారం మీ పనులు చూసి మార్కులేసే జ్యూరీకి ఎవరొస్తున్నారో తెలుసా? ఆ మ్యూజియం డైరెక్టరే. ఆయన ఆ ఫొటో ముందు నిలబడాలి." అద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "నీలో ఈ కోపం ఉందని నాకు తెలీదు. దాన్ని చల్లారనివ్వకు."

చల్లారనిచ్చే ఉద్దేశం పిచ్చుకకూ లేదు. సోమ, మంగళ, బుధవారాలు ఆమె బల్ల మీద వంచిన నడుం ఎత్తలేదు. మందపాటి తెల్ల అట్ట మీద స్టీలు స్కేలు నొక్కి పట్టి, బ్లేడుతో ఒకే గీతను మూడుసార్లు గీసి తెంపింది. మొదటిసారి మెల్లగా, రెండోసారి గట్టిగా, మూడోసారి ఆ తెల్లతొడుగుల గార్డు మెడ అనుకుని. యాభై రెండు మెట్లు కోసి, జిగురు రాసి, పట్టకారుతో ఒకదాని మీద ఒకటి నిలబెట్టింది. పక్కగా నాలుగు మలుపులు తిరుగుతూ ఏటవాలుగా ఎక్కే ర్యాంపు వేసింది. పన్నెండడుగులకు ఒక అడుగు ఎత్తు, తొంభై సెంటీమీటర్ల వెడల్పు, మలుపు మలుపుకూ చదును. అన్నీ పుస్తకంలో ఉన్న కొలతలే. కుడి చూపుడువేలు మీద బ్లేడు కాయ కాసింది.

బుధవారం సాయంత్రం ఫొటో ప్రింటయి వచ్చింది. నేల మీద పరిచి చూసి క్లాసులో ఇద్దరు నిట్టూర్చారు. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. పిచ్చుకకు గర్వంగా అనిపించింది.

గురువారం మధ్యాహ్నం జ్యూరీ. ఆ పొద్దున ఆసుపత్రికి వెళ్ళింది, పిన్నిని పిలవడానికి. బట్టల గది నేలమాళిగలో ఉంటుంది. ఆవిరి, సబ్బు, కాలిన నూలు కలిసిన వాసన. కిటికీ లేదు. పిన్ని మిషను దగ్గర కూర్చుని, చిరిగిన దుప్పటికి మాసిక వేస్తోంది. కుడికాలొక్కదానితోనే తొక్కేలా మిషను పెడలును ఒక పక్కకు జరిపించుకుంది. అవతల బల్ల దగ్గర ఇస్త్రీ పనావిడ కోట్లు నొక్కుతోంది.

"పిన్నీ, రెండింటికి రా. అందరూ నిన్ను చూడాలనుకుంటున్నారు. ఇదిగో, ఇది గోడంత వస్తుంది." ఫోను ముందుకు చాచింది.

పిన్ని మిషను ఆపి, చేతులు గౌనుకు తుడుచుకుని ఫోను అందుకుంది. చాలాసేపు చూసింది. బొటనవేలితో పెద్దది చేసి చూసింది. ఫొటోలో ఆమె నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. పెట్టెకు ఆనుకోవడంలో బట్ట పైకి జరిగి, మోకాలి దాకా కాలిపరు, దాని పట్టీలు, ఒక పట్టీకి ఊడిపోతే తను వేసుకున్న రంగు కలవని దారపు కుట్టు, అన్నీ కనిపిస్తున్నాయి.

"ఇది ఎంతమంది చూశారు?"

"చాలామంది! క్లాసంతా. వాళ్ళ స్నేహితులు కూడా."

"నన్నడిగావా?"

పిచ్చుకకు ఆ ప్రశ్న వెంటనే అర్థం కాలేదు. "ఏమని?"

"ఏమని అంటే ఏమని చెప్పను! ఈ తొమ్మిదేళ్ళలో ఈ గదిలో ఒక్కళ్ళు నా కాలు బయటపడగా చూశారేమో అడుగు, అదిగో, ఆవిణ్ణి అడుగు. నువ్వు గోడకు పెడతావా?"

"నీ కోసమే కదా పిన్నీ! వాళ్ళు నిన్ను బంగాళాదుంపలతో పాటు..."

"నా కోసమా?" పిన్ని గొంతు పెద్దది చేయలేదు. అయినా ఇస్త్రీ పనావిడ చేతిలోని పెట్టెను నిలువుగా నిలబెట్టేసి ఇటు చూసింది. "నా కోసమే అయితే, అరగంట సేపు అరిచావు కదా, అందులో ఒక్కసారి నాకో కుర్చీ వేయమని అడిగావా? పన్నెండు కుర్చీలు అక్కడే ఉన్నాయి. ఆ రిజిస్టరులో నేనూ చదివాను."

పిచ్చుక చూపు మిషను కింది పెడలు మీదికి జారింది.

"ఆ ముసలాయన నయం. నా బరువెంతో నన్నే అడిగాడు." ఫోను ఆమె చేతిలో పెట్టేసి, సూది కిందికి దుప్పటి జరుపుకుంది. "పో. పని ఉంది."

బస్సు ఎక్కకుండా నడిచే వెళ్ళింది కాలేజీకి. దారంతా పిన్ని మీద కోపంతో ఊగిపోయింది. ఎవరి కోసం ఇన్ని పగళ్ళు నడుం విరగ్గొట్టుకున్నట్టు? ఎవరి కోసం ఆ అధికారిణి మొహాన కాగితం చింపినట్టు? వంతెన దాటేటప్పటికి ఆ ప్రశ్నలకు జవాబులు వాటంతటవే రావడం మొదలుపెట్టాయి. పదకొండో మెట్టు దగ్గర తనకు ముందు వచ్చింది కోపం కాదు, సిగ్గు. కాఫీలు తాగేవాళ్ళు చూస్తున్నారని సిగ్గు. ఆ సిగ్గును కప్పుకోవడానికే అంత గట్టిగా అరిచింది. అది తెలిశాక కోపం తగ్గలేదు. ఎవరి మీదికి పోవాలో దారి తెలుసుకుని మరింత మండింది.

స్టూడియోలో ఫొటో అప్పటికే గోడకెక్కింది. పిచ్చుక నిచ్చెన వేసుకుని నాలుగు మూలలా పిన్నులు పీకి, దాన్ని చుట్టచుట్టి సంచిలో పెట్టింది.

మాస్టారు పరిగెత్తుకొచ్చారు. "ఏం చేస్తున్నావు?"

"ఆవిడ వద్దంది."

"వద్దంటే! ఆయన గేటు దగ్గరికి వచ్చేశాడు. ఫొటో లేకపోతే నీ దగ్గర ఏముంది? ఒక ర్యాంపు! ర్యాంపు ఎవరైనా గీస్తారు!"

"ఎవరైనా గీసేదైతే, ఆ మెట్లు కట్టినవాళ్ళు ఎందుకు గీయలేదు మాస్టారూ? మనమెందుకు అడగలేదు? నా వ్యాసాన్ని మీరే గోడకు పెట్టారు."

మాస్టారు అద్దాలు తీయలేదు. పక్కకు తిరిగి వెళ్ళిపోయారు.

డైరెక్టరు పెద్దమనిషి. మోడల్ చుట్టూ తిరిగి, వంగి చూసి, మర్యాదగా నవ్వాడు. "చక్కగా కోశావమ్మా. అయితే మాకు లిఫ్టు ఉందిగా. ఎవరికీ ఇబ్బంది లేదు."

"అది సరుకుల లిఫ్టు. అందులో ఎక్కే మనిషి బరువు రిజిస్టరులో రాస్తారు."

"అబ్బే, అలా ఎందుకుంటుంది!" చుట్టూ ఉన్నవాళ్ళ వైపు చూసి మళ్ళీ నవ్వాడు. "ఎక్కడో విన్న మాటై ఉంటుంది. ఋజువుందా?"

మాస్టారి చూపు సంచి మీదికి వెళ్ళింది. క్లాసంతా అటే చూసింది. రెండడుగుల దూరం. చుట్ట విప్పితే చాలు, ఆ నవ్వు మాసిపోతుంది. పిచ్చుక సంచిని కాలితో బల్ల కిందికి తోసింది.

"ఉంది. చూపించను," అంది. "రిజిస్టరు మీ దగ్గరే ఉంది. వెనక చెత్తడబ్బాలు దాటాక గంట ఉంటుంది, నొక్కండి. తలుపు తీసేదాకా నిలబడండి."

 డైరెక్టరు నవ్వు అలాగే కాసేపు ఉండి, నెమ్మదిగా ఎటో పోయింది. ఆయన పక్క బల్లకు కదిలాడు. గంట తర్వాత తలుపుకు అంటించిన మార్కుల జాబితాలో ఆమెది కిందనుంచి రెండో పేరు. 'వాదనకు ఆధారం లేదు' అని మాస్టారి చేతిరాత.

పిన్ని పని దిగే వేళకు మోడల్‌ను చంకన పెట్టుకుని బట్టల గదికి వెళ్ళింది. ఇస్త్రీ పనావిడ కోటు మడతపెడుతూ ఒక స్టూలును కాలితో ఇటు జరిపింది. పిచ్చుక కూర్చోలేదు.

"గోడ మీంచి ఫొటో తీసేశాను పిన్నీ. అందరినీ వాళ్ళ ఫోన్లలోంచి తుడిచేయమని అడిగాను. కొందరు తుడిచారు. మిగతావాళ్ళ సంగతి నా చేతుల్లో లేదు."

"ఊఁ."

"కోపం పోయిందా?"

"పోలేదు." పిన్ని దారం పళ్ళతో తెంపింది. "ఇప్పుడప్పుడే పోదు కూడా. నాకు కోపమే రాదనుకున్నావు కదూ, నవ్వుతుంటానని? దింపెయ్యండి అన్నాడే వాడు, ఆ మాట నాకు వినపడలేదనుకున్నావా? నీకంటే ముందే వినపడింది. నాకొచ్చే కోపం నీకు రోజుకు పదిసార్లు వస్తే మంచం పట్టేస్తావు. దాన్ని పట్టుకుని నేను బస్సెక్కాలి, దిగాలి, ఇక్కడికొచ్చి మిషను తొక్కాలి." మాసిక వేసిన దుప్పటి మడతపెడుతూ, "అదేంటి చంకలో?" అంది.

పిచ్చుక మోడల్‌ను దుప్పట్ల బల్ల మీద పెట్టింది. పిన్ని కుట్టు చూసినట్టే దగ్గరికి వంగి చూసింది. రెండు వేళ్ళను కాళ్ళలా చేసి ర్యాంపు మీద నడిపించింది. మొదటి మలుపు దగ్గర వేళ్ళు ఆగాయి.

"ఇక్కడ గోడకు గుద్దుకుంటాను."

"గుద్దుకోవు పిన్నీ. తొంభై ఉంది. రూలు అంతే."

"రూలు రాసినాయన నా కాలు చూశాడా?" పిన్ని లేచింది. "ఆ మూటలు అటు లాగు."

పిచ్చుకా ఇస్త్రీ పనావిడా కలిసి దుప్పట్ల మూటలు గోడవారకు జరిపారు. గుడ్డ మీద గుర్తులు పెట్టే నీలం సుద్దముక్కను పిన్ని పిచ్చుక చేతిలో పెట్టింది. "నేను నడుస్తాను. కాలు ఎక్కడిదాకా పోతుందో అక్కడ గీత గియ్యి."

పిన్ని నడిచింది. కుడికాలు, విసురు, టక్. నేల మీద మోకాళ్ళతో పాకుతూ పిచ్చుక గీతలు పెట్టింది. ఇన్నాళ్ళుగా ఈ మనిషి పక్కన నడుస్తూ కూడా ఆ కాలు గాలిలో ఎంత పెద్ద చాపం తిరుగుతుందో ఆమె ఎన్నడూ చూడలేదు. మర్యాద అనుకుని చూపు తిప్పుకుంటూనే వచ్చింది. పిచ్చుక లేచి, పిన్ని మెడలో వేలాడుతున్న కొలత టేపు తీసి రెండు గీతల మధ్య పరిచింది. నూట పద్దెనిమిది. మళ్ళీ కొలిచింది. నూట పద్దెనిమిదే.

బల్ల మీదికి చెయ్యి చాచి, మోడల్ నుంచి ర్యాంపును పట్టి లాగింది. జిగురు ఎండిపోవడంతో అట్ట చిరిగి, మెట్ల పక్క ముక్కొకటి దాంతోపాటే ఊడొచ్చింది.

"చూశావా పిన్నీ! పుస్తకమే తప్పు! ఇన్నాళ్ళూ మాకు చెప్పిందంతా... ఇది ఎంత అన్యాయమో..."

"అరిచేది తర్వాత అరుద్దువుగాని," అంది పిన్ని. "ముందు అంకె రాసుకో."

పిచ్చుక రాసుకుంది. పెన్సిలు మొన విరిగేంత గట్టిగా రాసుకుంది. ఇస్త్రీ పనావిడ తన జేబులోంచి ఇంకో పెన్సిలు తీసి ఇచ్చింది. పిన్ని అప్పటికే గది అవతలి కొసకు చేరి ఇటు తిరిగి నిలబడింది.

"ఇప్పుడు దిగుతున్నట్టు నడుస్తాను, కాలు ఎలా పడుతుందో చూడు. ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. నా మొహంకేసి చూడకు, కాలు చూడు."

పిచ్చుక నేలకు ఇంకా వంగింది.